మా ఓవెన్‌లో దోసెల పిండి, మా ఆయన చేతిలో పాత క్యాసెట్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి మళ్ళీ నేనే. పొద్దున ఎనిమిదైంది, బయట సన్నగా వాన. ఈ చలికి పిండి బయట పెడితే రెండు రోజులైనా పొంగదు కాబట్టి, రాత్రి రుబ్బి ఓవెన్‌లో పెట్టి లైటు మాత్రం వేసి వదిలేశాను. ఇదిగో చూడండి, మూతని తోసేసింది.

ఈరోజు వీడియో మాత్రం దోసెల మీద కాదు. లేచీ లేవగానే మా ఆయన వంటింట్లోకి వచ్చి, "ఓవెన్ ఎప్పుడు ఖాళీ అయితది?" అన్నాడు. ఎందుకూ అంటే క్యాసెట్ బేక్ చేయాలట! మేమిద్దరం క్లాస్‌మేట్స్‌మి లెండి, మా మధ్య గారూ అండీలు ఉండవు. "దోసెలయ్యాక నిన్ను కూడా అందులోనే పెడతా" అన్నాను.

అయితే అది ఉత్తి పిచ్చి కాదండీ. 70లలో, 80లలో స్టూడియోలు వాడిన కొన్ని రకాల పెద్ద టేపులకి ఒక జబ్బు ఉంది. టేపు మీది పూతని పట్టి ఉంచే జిగురు గాల్లో తేమ పీల్చుకుని బంకబంకగా తయారవుతుంది. ప్లే చేస్తే కీచుమంటుంది, పూత ఊడి టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటుంది. అలాంటి వాటిని 50, 55 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ వెచ్చబెట్టి, మళ్ళీ మెత్తబడేలోపు కంప్యూటర్‌లోకి ఎక్కించేస్తారు. మెత్తబడ్డ అప్పడాలు ఎండలో పెడతామే, అదే లెక్క. కొందరు పళ్ళముక్కలు ఎండబెట్టే డ్రయ్యర్ కూడా వాడతారట. ఇంట్లో వాడుకునే మామూలు క్యాసెట్‌కి సాధారణంగా ఈ జబ్బు రాదు, పైగా ఓవెన్‌లో పెడితే ప్లాస్టిక్ డబ్బా వంకర తిరిగిపోతుంది. ఇదంతా ఆయనే చదివి ఆయనే విరమించుకున్నాడు. నా దోసెలు బతికిపోయాయి.

ఇంతకీ ఈ టేపుల గోల ఎందుకొచ్చిందో చెప్పాలంటే నిన్న మధ్యాహ్నానికి వెళ్ళాలి. ఫిబ్రవరి 14 వస్తోంది కదా, ముందు రోజే హాఫ్ డే పెట్టు, స్పెషల్ ప్లేస్‌కి తీసుకెళ్తా అన్నాడు. నేను చక్కగా తయారై వెళ్ళాను. ఎక్కడికనుకున్నారు? లీడ్స్ యూనివర్సిటీ క్యాంటీన్‌కి! రిఫెక్టరీ అంటారు. మా ఫ్రెండ్ వాళ్ళమ్మాయి అక్కడే ఎమ్మెస్సీ చదువుతోంది, తనే లోపలికి తీసుకెళ్ళింది. పొడుగాటి పెద్ద హాలు, బల్లలు, ట్రేలు, చిప్స్ వాసన. ఆ పిల్ల, "ఆంటీ, రోజూ ఇక్కడే తింటాం. అంకుల్ ఎందుకు గోడల్ని ఫోటోలు తీస్తున్నారు?" అంటోంది.

1970 ఫిబ్రవరి 14న, ఇవాళ్టిలాగే అది కూడా శనివారమే, ది హూ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఈ హాల్లో వాయించింది. ఆ కచేరీ టేపుల్లోంచే 'లైవ్ ఎట్ లీడ్స్' ఎల్పీ తీసి మే నెలలో వదిలారు. హార్డ్ రాక్ వినేవాళ్ళని అడిగితే లైవ్ రికార్డుల్లో దీన్ని దేవుడి గదిలో పెడతారు. ఇక్కడి గోడమీద నీలం ఫలకం కూడా ఉంది. 2006 జూన్‌లో ఆ బ్యాండ్‌లో మిగిలిన ఇద్దరు, గిటార్ వాయించే పీట్ టౌన్షెండ్, పాడే రోజర్ డాల్ట్రీ, మళ్ళీ ఇదే హాల్లో వాయించడానికి వచ్చినప్పుడు దాన్ని ఆవిష్కరించారు. డ్రమ్మర్ కీత్ మూన్ 1978లో, బేస్ గిటార్ వాయించే జాన్ ఎంట్విసిల్ 2002లో పోయారు.

అసలు లీడ్స్ దాకా ఎందుకొచ్చారనేది ఇంకో కథ. 1969 అమెరికా టూర్‌లో కచేరీలన్నీ రికార్డు చేయించారు. ఇంటికొచ్చాక అన్ని టేపులు వినే ఓపిక టౌన్షెండ్‌కి లేకపోయింది. వాటన్నిటినీ తగలబెట్టెయ్యమని తన సౌండ్ మనిషి బాబ్ ప్రిడెన్‌కి చెప్పాడు, ఆయన నిజంగానే మంట పెట్టేశాడు! ఆ తర్వాత తాజాగా రికార్డు చేద్దామని పెట్టుకున్నవి రెండే రెండు కచేరీలు. శనివారం లీడ్స్, ఆదివారం హల్. మాకు హల్ రైల్లో గంట దూరం.

హల్‌లో బేస్ సరిగా టేపు మీదికి ఎక్కలేదని దాన్ని పక్కన పెట్టేశారు. లీడ్స్ టేపులో బేస్ ఉంది కానీ చిటపటలు కూడా ఉన్నాయి. ఏదో వైరు తేడా చేసింది. 1970లో వాటిని తీసే దారి లేదు. అందుకని ఏం చేశారో తెలుసా? రికార్డు లేబుల్ మీద చేత్తో రాసేశారు: చిటపటలు ఉంటాయి, పర్లేదు, సరిచేయొద్దు అని. కొన్నవాళ్ళు తమ ప్లేయర్ పాడైందనుకోకూడదు కదా. కవర్ కూడా అంతే, గోధుమరంగు అట్ట మీద రబ్బరు స్టాంపు కొట్టినట్టు పేరు, దొంగ రికార్డుల వేషం. లోపల వుడ్‌స్టాక్ అనే పెద్ద అమెరికా సంగీతోత్సవం కాంట్రాక్టు నకలు, ఒకప్పుడు ఒక రికార్డు కంపెనీ ఈ బ్యాండ్‌ని వద్దంటూ రాసిన ఉత్తరం నకలు. నాకైతే పాటలకన్నా ముందు ఆ కాగితాలే నచ్చాయి.

ఆ ఎల్పీలో ఆరు పాటలే. 1995లో వాయిద్యాలు విడివిడిగా ఎక్కిన పాత ఎనిమిది ట్రాకుల టేపుల దగ్గరికి మళ్ళీ వెళ్ళి పద్నాలుగు పాటలతో సీడీ వేశారు, 2001లో అదే కచేరీలో వాయించిన 'టామీ' అనే పాటల కథ కూడా కలిపి రెండు సీడీలు చేశారు. 1995 పని చేసింది జాన్ ఆస్ట్లీ, టౌన్షెండ్ అప్పటి భార్య తమ్ముడు. అంటే సాక్షాత్తూ బావమరిది! యాభై ఏళ్ళ రాక్ చరిత్రలో నాకు బాగా అర్థమైన వాక్యం ఇదే.

రీమాస్టర్, రీమిక్స్ ఒకటే అనుకునేదాన్ని. మా ఆయన సాంబారు పెట్టి చెప్పాడు. ఉడికిపోయిన సాంబారులో ఉప్పూ పులుపూ సర్దడం రీమాస్టర్. పప్పు, ముక్కలు, పులుసు వేటి గిన్నెలో అవి ఇంకా ఉన్నప్పుడు మళ్ళీ మొదట్నుంచి కలపడం రీమిక్స్. 1995లో రెండూ జరిగాయి. చిటపటలు అప్పుడే పోయాయి. కంప్యూటర్‌లో చిటపట అంటే అల మధ్యలో నిలబడ్డ సూది. సీడీలో సెకనుకి 44,100 చుక్కలుంటాయి. సూది పడినచోట నలభయ్యో యాభయ్యో చుక్కలు తీసేసి, అటూ ఇటూ ఉన్న అలని చూసి మధ్యలోది ఊహించి పూడుస్తారు. చీర చిరుగుకి రఫ్ఫు చేయించినట్టు.

నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాడు. ఎడమ చెవిలో బేస్, కుడి చెవిలో గిటార్, నట్టనడుమ డ్రమ్స్. ఎవరెక్కడ నిలబడ్డారో కళ్ళు మూసుకుని చెప్పెయ్యొచ్చు. గట్టిగా అరిచే సంగీతం నా తలకెక్కదండీ, నిజం చెప్తున్నా. కానీ ఎడమ ఇయర్‌పీస్ ఒక్కటే పెట్టుకుని ఆ బేస్ వినండి, అది తాళం వేస్తూ వెనక నడవదు, తనే పాట పాడేస్తుంటుంది.

హల్ టేపు సంగతి ఏమైందంటే, 2010లో దాన్నీ బయటికి తీశారు. బేస్ లేనిది మొదటి కొన్ని పాటలకే. వాటికి ముందు రోజు లీడ్స్‌లో ఎంట్విసిల్ వాయించిన బేస్‌ని తెచ్చి అతికించారు. లైవ్‌లో వేగం ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు, అందులోనూ కీత్ మూన్ డ్రమ్స్, కాబట్టి ముక్కముక్కా జరిపి కలుపుకోవాల్సిందే. నాకిది ఎందుకో మింగుడుపడలేదు. "శనివారం వాయించింది ఆదివారం వాయించినట్టు ఎట్లా అవుతుంది?" అన్నాను. "చేతులు ఆయనవే, పాట అదే, ఒక్క రాత్రే తేడా" అన్నాడు. "అయితే నిన్నటి ఫోటో అతికించి ఇవాళ పెళ్ళికొచ్చానంటావా?" అన్నాను. చిటపటలు తీయడం మాత్రం నాకు ఓకే. అది వైరు చేసిన పని, మనుషులు చేసింది కాదు. ఇక్కడ మా ఆయనకి రివర్స్, ఆయనకి చిటపటల ఎల్పీయే కావాలి, కొత్త సీడీలు మరీ కడిగేసినట్టున్నాయంటాడు. దీని మీద రాత్రి పన్నెండు దాకా వాదించుకున్నాం.

సరే, మా ఆయన క్యాసెట్ దగ్గరికొద్దాం. 1997, వరంగల్, మా కాలేజీ కల్చరల్స్. ఈయనగారు బేస్ గిటార్. ముందు వరసలో కుర్చీ మీద ఎవరిదో టూ ఇన్ వన్ పెట్టి రికార్డు చేశారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ క్యాసెట్ అట్టపెట్టెలో మాతో మూడు దేశాలు తిరిగింది.

మొదట పెడితే పరుపు కింద నుంచి వస్తున్నట్టు వినిపించింది. విప్పి చూస్తే టేపుని హెడ్‌కి అదిమిపట్టే చిన్న మెత్తటి ఫెల్ట్ ముక్క ఊడిపోయి ఉంది. కొత్త క్యాసెట్ డబ్బా కొని, ఐదు బుల్లి స్క్రూలు విప్పి, రెండు చక్రాల్నీ ఊపిరి బిగబట్టి అందులోకి మార్చాడు. నేను ఫోన్ లైటు పట్టుకున్నాను. తర్వాత డెక్‌లో హెడ్ పక్కన స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ, డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్ళేలు, అదే సింబల్స్, ఎక్కడ గలగలమంటాయో అక్కడ ఆపాడు. అంతే, తెర తీసినట్టయింది.

అప్పుడు మొదలైంది అసలు గోల. టేపంతా గుయ్‌మని మోత. ఆంప్లిఫయర్ల ద్వారా వచ్చే కరెంటు మోత, 50 హెర్ట్జ్. హుషారుగా దాన్ని కత్తిరించేశాడు. మోత పోయింది, దాంతోపాటు ఈయన కూడా పోయాడు! బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మీద మూడో మెట్టు నొక్కితే 49 హెర్ట్జ్. ఆ పాటంతా ఆ మెట్టు మీదే నడుస్తుంది. నేను నవ్వాపుకోలేక, "లీడ్స్ నుంచి బేస్ తెప్పించుకో" అన్నాను. రెండు గంటలు మాట్లాడలేదు.

ఇవాళ దోసెలు వేస్తుంటే మళ్ళీ పిలిచాడు. మూడో పాట మధ్యలో నలభై సెకన్లు పనికిరాదు, కట్ చేస్తున్నా అన్నాడు. ఏముందందులో అని వెళ్ళాను. చేతికి పిండి, అట్లకాడ అలాగే ఉంది.

గుయ్‌మని మోత, గిటార్, పాడే అబ్బాయి గొంతు, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోయింది! టూ ఇన్ వన్ బ్యాటరీల మీద నడుస్తోంది కాబట్టి అది మాత్రం రికార్డు చేస్తూనే ఉంది. టేపు మొత్తం మీద మోత లేని చోటు అదొక్కటే. చీకట్లో డ్రమ్స్ వాయించేవాడు ఆపలేదు. మైకు లేదు, ఏం లేదు, ఉత్త చర్మం మీద కర్ర దెబ్బ, వెనక హాలు గోడకి కొట్టుకుని తిరిగొస్తోంది. ఎవరో కుర్చీ లాగారు. ఎవరో అగ్గిపుల్ల గీశారు, ఆ చర్రుమన్న చప్పుడు కూడా ఉంది. నేను లేడీస్ వైపు మూడో వరసలో కూర్చున్నాను ఆ రోజు, ఆ అగ్గిపుల్ల వెలుగు నాకు గుర్తుంది.

"ముట్టుకున్నావో చూడు" అన్నాను.

"ఆగు, అయిపోలేదు" అన్నాడు.

గుయ్‌మని మోత మళ్ళీ మొదలైంది, ఆ వెంటనే హాలంతా ఒకే గొంతుతో, "వచ్చేసిందీ!"

పెనం మీద దోసె మాడిపోయింది.