బయల్దేరే ముందు ఒక బోల్తా

శ్రోతలకు నమస్కారం.

పడవ ప్రయాణం ఎక్కడ మొదలవుతుందంటే రేవులో అంటారు ఎవరైనా. కొబ్బరికాయ కొట్టి, పడవకి పసుపూ కుంకుమా పెట్టి, చుట్టూ నలుగురు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తుంటే తాడు విప్పుతారు చూడండి, అక్కడన్న మాట. నేను ఒప్పుకోను. పడవ ప్రయాణం బోల్తాతో మొదలవ్వాలి. అవును, బోల్తాతోనే. కంగారు పడకండి, చెబుతాను.

మా అన్నయ్య కొడుకూ, వాడి స్నేహితుడూ చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు. పగలంతా పాత మహాబలిపురం రోడ్డులో కంప్యూటర్ల ముందు ఉద్యోగం. రాత్రిళ్లూ, శని ఆదివారాలూ పెరంబూరులో మా మేడ మీద, రేకుల షెడ్డు కింద పడవ పని. సొంత చేతులతో రెండు కయాక్‌లు కట్టారు. ఒక్కోటీ 17 అడుగుల పొడవు. వెడల్పు రెండడుగులు కూడా లేదు. కాళేశ్వరం దగ్గర గోదావరిలో దిగి, అంతర్వేదిలో సముద్రం చూడాలని వాళ్ల కోరిక.

కయాక్ చూడనివాళ్ల కోసం ఒక్క మాట. ఒక్క మనిషి కూర్చునే సన్నటి పడవ అది. పైభాగం కూడా మూసే ఉంటుంది. మధ్యలో నడుం దాకా దిగేందుకు ఒక గుంట, చేతిలో రెండు కొసలా ఆకులున్న తెడ్డు. ఉత్తర ధ్రువం వైపు ఇన్యూట్ ప్రజలు కొయ్య చట్రానికి సీలు తోలు తొడిగి, వేట కోసం కట్టుకున్న పడవ. ఎవరి పడవ వాళ్ల ఒంటి కొలతలతోనే.

మా వాళ్ల పడవలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. దాని గురించి కాస్త ఎక్కువసేపే చెబుతాను, ఏమనుకోకండి. ఈ పడవని కుట్టారు. మేకుల్లేవు, స్క్రూలు లేవు. కుట్టారు.

4 మిల్లీమీటర్ల మందం మెరైన్ ప్లైవుడ్ తెచ్చారు. కొట్లో ఐఎస్ 710 అని అడగాలి, నీళ్లలో నానినా పొరలు విడిపోని రకం. షీటు ఎనిమిదడుగులే, పడవేమో పదిహేడు. అందుకని షీట్ల అంచులని ఏటవాలుగా చిత్రిక పట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి అతికారు. ఆ అతుకు దగ్గర చెయ్యి పెట్టి రాస్తే ఎక్కడుందో తెలియకూడదు, అదీ పనితనం. పలకలు కోశాక, అంచు పొడుగునా బెత్తెడు దూరానికో సన్నటి బెజ్జం. రెండు పలకల బెజ్జాల్లోంచి రాగితీగ దూర్చి పటకారుతో మెలిపెట్టడం. మెలిక పడ్డకొద్దీ చదునుగా ఉన్న చెక్క కాస్త కాస్త వంగుతుంది. ఆఖరి మెలిక పడేసరికి, పొద్దున నేల మీద పరిచి ఉన్న పలకలు సాయంత్రానికి పడవ ఆకారంలో లేచి కూర్చున్నాయి. అచ్చు లేదు, లోపల చట్రం లేదు. పలకని కోసిన తీరులోనే వంపు ఉంది. నేను చిన్నప్పటి నుంచీ వడ్రంగి పని చూస్తూ పెరిగినవాణ్ణి, అయినా కుర్చీ వేసుకుని మరీ చూశాను.

తర్వాత ఎపాక్సీ, అంటే రెండు పాళ్లు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు. రెసినూ హార్డెనరూ కలిపి, అందులో జల్లించిన రంపపు పొట్టు వేస్తే ఇడ్లీ పిండిలా చిక్కబడుతుంది. దాన్ని లోపలి మూలల్లో చెంచా వెనక వైపుతో మెత్తుకుంటూ పోవాలి. చెన్నై ఎండల్లో ఇదో పరుగుపందెం. కప్పు నిండా కలిపారా, సగం పూసేలోపు కప్పు చేతిని కాలుస్తుంది, పొగలొస్తాయి, గట్టిపడిపోతుంది. అందుకని టీ గ్లాసులో సగం మించకుండా కలుపుకుని, తెల్లవారుజామునే లేచి పూసేవాళ్లు. "పరీక్షలకి లేపితే లేవనివాడు జిగురు పూయడానికి లేచాడమ్మా" అని మా వదిన కింద నుంచి దెప్పేది. గట్టిపడ్డాక తీగలు కత్తిరించేసి, ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి, మళ్లీ ఎపాక్సీ, ఆ పైన వార్నిష్. వార్నిష్ సోకు కోసం కాదు. ఎపాక్సీకి ఎండ పడదు.

ఇదంతా విదేశీ విద్య అనుకున్నాడు మా వాడు. "ఒరే, మదరాసుకి నూలు బట్టలు ఎంత పాతవో కుట్టిన పడవలూ అంతే పాతవిరా" అన్నాను. "నిజమా బాబాయ్?" అన్నాడు. నిజమే. 1870ల్లో హార్బరు పని మొదలయ్యేదాకా మదరాసులో ఓడ ఒడ్డుకి వచ్చే వీల్లేదు. దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. మనుషుల్నీ, మూటల్నీ కెరటాల మీదుగా ఒడ్డుకి చేర్చేవి మసూలా పడవలు. పలకలకి బెజ్జాలు చేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టి, కుట్టు కింద గడ్డి కూరేవారు. మేకు ఉండదు. ఇక్కడి కెరటం ఒక్క దెబ్బ కొడితే మేకు కొట్టిన పడవ బిగుసుకుని పగులుతుంది, కుట్టిన పడవ కొంచెం ఒళ్లు వంచి సర్దుకుంటుంది. పెద్ద పెద్ద దొరలూ, దొరసానులూ ఆ తాడు కుట్ల మీద భరోసాతోనే ఒడ్డుకొచ్చారు.

ఇంకో సంగతుంది, దాని కోసమే ఇంత చెప్పాను. మసూలా పడవ ఒంటరిగా పోయేది కాదు. పక్కనే కట్టుమరాల మీద, అంటే దుంగలు కలిపి కట్టిన తెప్పల మీద, మనుషులు వెళ్లేవాళ్లు. పడవ తిరగబడితే నీళ్లలో పడ్డవాళ్లని లాగి ఎక్కించుకోవడమే వాళ్ల పని. ప్రాణాలు కాపాడిన కట్టుమరం వాళ్లకి పతకాలిచ్చిన రోజులున్నాయి. అంటే, బోల్తా పడుతుందని ముందే అనుకుని, దానికి ఏర్పాటు చేసుకుని, అప్పుడు నీళ్లలోకి దిగేవాళ్లు. ఇప్పటి మన ప్రయాణాల్లో ఈ ఏర్పాటే కనబడదు. జెండా ఉంటుంది, టీషర్టు ఉంటుంది, టీషర్టు మీద పేరు ఉంటుంది.

అందుకే మా వాళ్లని, కాళేశ్వరం సంగతి తర్వాత, ముందు పులికాట్ సరస్సుకి పదండి అన్నాను. దగ్గరలో బకింగ్‌హామ్ కాలువ ఉంది కదా అన్నాడు స్నేహితుడు. ఉంది. ఒకప్పుడు కాకినాడ వైపు నుంచి తెలుగు పడవలు బియ్యం, కట్టెలు వేసుకుని ఆ కాలువ మీదే మదరాసు వచ్చేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు పట్టుకు లాగడం. ఇప్పుడు ఊళ్లో ఆ కాలువలో తెడ్డు ముంచడానికి మనసొప్పినా ముక్కు ఒప్పదు.

పులికాట్ సరస్సు చాలాచోట్ల నడుం లోతే. పక్షుల అభయారణ్యం వైపు పోకుండా, ఊరి దగ్గర జాలర్లని అడిగి చోటు చూసుకున్నాం. బోల్తా నేర్చుకోవడానికి నడుం లోతుని మించింది లేదు. కాళ్లు కింద ఆనతాయి, భయం తగ్గుతుంది, బుద్ధి పని చేస్తుంది.

లైఫ్ జాకెట్లు బిగించుకుని ఇద్దరూ కావాలనే తిరగబడ్డారు. మా వాడి పడవకి ముందు కొసనా వెనక కొసనా నీళ్లు చొరని అడ్డుగోడలు ఉన్నాయి, అంటే రెండు గాలి గదులన్న మాట. అది బోర్లా పడ్డా తేలుతూనే ఉంది. ముందు కొస పట్టుకుని పైకెత్తితే నీళ్లు చాలావరకు కారిపోయాయి, మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. స్నేహితుడేమో బరువు తగ్గుతుందనీ, సామాను ఎక్కువ పడుతుందనీ వెనక గోడ మానేశాడు. వాడి పడవ వెనక భాగం నిండిపోయి కిందకి దిగింది, ముక్కు ఆకాశంకేసి నిలబడింది. ముగ్గురం లాగినా కదల్లేదు. కదలదు మరి. లీటరు నీళ్లు కిలో బరువు, అలాంటి పడవలో వంద లీటర్లు దాటే పడతాయి. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చూసి చూసి, "గాలి పెట్టలేదా నాయనా?" అన్నాడు.

శ్రోతల్లో ఎవరైనా కయాక్ కట్టుకుంటున్నా, కొనుక్కుంటున్నా, నా మాటల్లో ఇదొక్కటి గుర్తుంచుకోండి. పడవ రెండు కొసల్లో గాలి ఉండాలి. రెండు కొసల్లోనూ. అడ్డుగోడ కట్టే ఓపిక లేకపోతే స్కూటరు ట్యూబులో కారు ట్యూబులో లోపల దూర్చి, అక్కడే గాలి కొట్టి, బయటికి జారిపోకుండా తాడుతో కట్టేయండి. ఖర్చు తక్కువ, పని అంతే బాగా చేస్తుంది. నడుం చుట్టూ నీళ్లు రాకుండా గుడ్డ బిగించుకునేవాళ్లు, ముందువైపు దాన్ని లాగే పట్టీ పైకే ఉందో లేదో ప్రతిసారీ చేత్తో తడిమి చూసుకోవాలి. అది లోపల ఇరుక్కుంటే తలకిందులుగా వెతుక్కోవాల్సి వస్తుంది. నీళ్ల డబ్బాలు, బియ్యం లాంటి బరువులు అడుగున, కూర్చునే చోటికి దగ్గరగా. తేలిక సామాను కొసలకి.

నదే కదా అంటారు. గోదావరి అండీ అది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిందీ వరద రోజుల్లోనే. అందుకే దీపావళి దాటాకే దిగమన్నాను. అప్పటికి వరద తీస్తుంది, ఇసుక మేటలు పూర్తిగా బయటపడవు. దారిలో మేడిగడ్డ, తుపాకులగూడెం, దుమ్ముగూడెం, పోలవరం, ధవళేశ్వరం ఆనకట్టలు ఉన్నాయి. వాటి గేట్ల దరిదాపులకి పోకూడదు. చాలా ఎగువనే ఒడ్డెక్కి, అనుమతి తీసుకుని, పడవని భుజాన వేసుకునో ట్రాలీ ఆటోలో వేసుకునో దిగువకి చేర్చుకోవాలి. ఇంద్రావతి, శబరి కలిసేచోట సుడుల సంగతి గూగుల్‌ని కాదు, ఆ రేవులో పడవ నడిపే సరంగుని అడగాలి.

ట్యూబులు కొన్నారు. వెనక గోడ కూడా కడుతున్నారు, మళ్లీ టీ గ్లాసు, మళ్లీ తెల్లవారుజాము. వచ్చే ఆదివారం ఇంకోసారి పులికాట్, ఈసారి పూర్తి సామానుతో, పొయ్యి, గుడారం, నీళ్లు అన్నీ కట్టుకుని బోల్తా కొడతారు. రైలు టిక్కెట్లు ఆ తర్వాతే తీయమన్నాను. మా వదిన అయితే బియ్యం మూట ఇవ్వనంది, తడిస్తే ఎవరు తింటారని. బదులు ఇసుక మూట పెట్టుకోండిరా అన్నాను, బరువు బరువే కదా.

సెలవు.