ఇల్లు కొన్నప్పుడు చేతులు మారేది హక్కు

అందరికీ నమస్కారం.

మీరు ముందుగా రాసిచ్చిన ప్రశ్నలన్నీ చదివాను. మాటలు వేరైనా, వాటిలో చాలావరకు ఒకే భయం చుట్టూ తిరిగాయి. డబ్బంతా కట్టేసి, రిజిస్ట్రేషన్ కూడా అయిపోయాక, ఎవరో వచ్చి ‘ఈ ఇల్లు మాది’ అంటే మా గతేమిటి? ఆ భయం అర్థం లేనిది కాదు. అందుకే దానితోనే మొదలుపెడతాను.

గోడలు, గదులు కంటికి కనిపిస్తాయి. హక్కు కనిపించదు. అమ్మేవారికి ఎంత హక్కు ఉందో అంతే మీకు వస్తుంది, అంతకు మించి రాదు. ఆయనకు ఉన్నది సగం వాటా అయితే, మీరు పూర్తి ధర కట్టినా మీ చేతికొచ్చేది సగం వాటాయే. మరి ఇలాంటి లోపం తర్వాత బయటపడితే నష్టం ఎవరు భరించాలి? కొనేవారు అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదని నా నమ్మకం. ఒక్కో దేశం దీనికి ఒక్కో జవాబు ఎంచుకుంది.

ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ అనే ఆయన ఉండేవారు. కస్టమ్స్ శాఖలో పనిచేసిన మనిషి. ఓడ ఎవరిదో తెలుసుకోవడానికి రిజిస్టరు చూస్తే సరిపోతుంది కదా, భూమికి మాత్రం తరతరాల కాగితాలు ఎందుకు తిరగేయాలి అన్నది ఆయన వాదన. 1858లో దక్షిణ ఆస్ట్రేలియా ఆయన పద్ధతిని చట్టం చేసింది. అక్కడ రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే, మోసం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, వారే యజమాని. ఆ మాటకు ప్రభుత్వమే హామీ.

అమెరికా వేరే దారి పట్టింది. వాట్సన్ అనే కొనుగోలుదారు కోసం మ్యూర్‌హెడ్ అనే ఆయన కాగితాలు పరిశీలించాడు. ఆస్తి మీద ఒక పాత బాకీ తీర్పు ఉందని కనిపెట్టాడు కూడా. అయితే అది ఈ ఆస్తికి అంటదని లాయర్ చెబితే నమ్మాడు. తీరా అది అంటింది, వాట్సన్ డబ్బు పోయింది. 1868లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు, మ్యూర్‌హెడ్ లాయర్ సలహా మీదే నడిచాడు కాబట్టి బాధ్యుడు కాడంది. పరిశీలించినవాడి తప్పు లేదు, కొన్నవాడి తప్పూ లేదు, అయినా నష్టం కొన్నవాడిదే! కొన్నేళ్లకే, 1876లో, హక్కుకు బీమా చేసే తొలి కంపెనీ ఫిలడెల్ఫియాలో పుట్టింది.

భారతదేశంలో రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. ఆ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు మాత్రమే. సంతకాలు పెట్టినవాళ్లు వాళ్లేనా, స్టాంపు సరిగా ఉందా అని సబ్ రిజిస్ట్రార్ చూస్తారు. అమ్మేవారికి నిజంగా హక్కు ఉందా అన్నది తేల్చడం ఆయన పని కాదు. అందుచేత ‘రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇక టెన్షన్ లేదు’ అనే మాట ఎప్పుడు విన్నా నాకు బాధగానే ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేకపోతే హక్కు రాదు, నిజమే. కానీ అమ్మేవారికి లేని హక్కును రిజిస్ట్రేషన్ పుట్టించలేదు. ఇక్కడ లోపం తాలూకు బరువు కొనేవారి మీదే పడుతుంది కాబట్టి, పరిశీలన కూడా మనమే చేయించుకోవాలి.

మరొక ప్రశ్న: ‘అగ్రిమెంటు రాసుకున్నాం, సగం డబ్బు ఇచ్చాం. ఇల్లు మాదైనట్టేనా?’ కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ఈ విషయం సూటిగా చెప్పింది. అమ్మకపు ఒప్పందం దానంతట అది ఆస్తి మీద ఏ హక్కునూ ఇవ్వదు. ఒప్పందం ప్రకారం అమ్మమని కోర్టులో అడిగే వీలు మాత్రం ఇస్తుంది. జీపీఏ మీద, అంటే తన తరఫున వ్యవహరించమని యజమాని రాసిచ్చే అధికార పత్రం మీద, ఇల్లు కొన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా వినాలి. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి చేతిలో పెట్టినంత మాత్రాన యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. ఇంగ్లండ్‌లో తీరు వేరు. ఇరువైపులా సంతకం చేసిన ఒప్పందాలు మార్చుకునేదాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. అప్పటిదాకా నోటిమాటకు చట్టంలో విలువ లేదు. ఏ దేశమైనా ‘మాట ఇచ్చారు’, ‘ఒప్పందం అయింది’, ‘యాజమాన్యం మారింది’ అనేవి మూడు వేర్వేరు దశలు. మీరు ప్రస్తుతం ఏ దశలో ఉన్నారో తెలియకుండా డబ్బు కదిలించకండి.

ఇక ఎక్కువమంది అడిగింది ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ గురించి, అంటే మనం ఈసీ అనేదాని గురించి. ‘ఈసీలో ఏమీ లేదు, ఇక భయం లేనట్టేనా?’ ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు. రిజిస్టరు కానివి అందులోకి రావు. వీలునామా రిజిస్టరు చేయించాలన్న నిర్బంధం లేదు. ఒరిజినల్ కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు కొన్నిసార్లు ఈసీలో కనిపించకపోవచ్చు. అందుకే జిరాక్సులతో సరిపెట్టుకోకుండా ఒరిజినల్స్ చూపించమని గట్టిగా అడగాలి. ‘లాకర్‌లో ఉన్నాయి, తర్వాత చూద్దాం’ అంటే, ఆ తర్వాత వచ్చేదాకా అడ్వాన్సు కూడా ఆగాలి. ఆస్తి మీద నడుస్తున్న కోర్టు దావా కూడా అంతే. దావా నడుస్తుండగా కొంటే, ఆ సంగతి మీకు తెలియకపోయినా, వచ్చే తీర్పు మీకూ వర్తిస్తుంది.

కాగితాల్లో దొరకని ఇంకో సంగతి ఉంది. దీని మీద కొంచెం సేపు ఆగుతాను, ఎందుకంటే దీన్ని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరుంటున్నారు? ఇంగ్లండ్‌లో బోలాండ్ అనే ఆయన పేరు మీద ఒక ఇల్లుండేది. కొనడానికి భార్య కూడా డబ్బు పెట్టింది, అందులోనే కాపురం ఉంది. రిజిస్టరులో ఆమె పేరు మాత్రం లేదు. బ్యాంకు రిజిస్టరు చూసి ఆ ఇంటి తాకట్టు మీద అప్పిచ్చింది, ఆమెను ఒక్క మాట అడగలేదు. అప్పు తీరకపోవడంతో ఇల్లు స్వాధీనం చేసుకోబోయింది. ఇంట్లో ఉంటున్న ఆమె హక్కుకు బ్యాంకు కట్టుబడాల్సిందేనని 1980లో అక్కడి అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చింది. రిజిస్టరుకు ప్రభుత్వ హామీ ఉన్న దేశంలోనే ఇలా జరిగింది. భారత చట్టంలోనూ, ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందో వారి హక్కు సంగతి కొనేవారికి తెలిసినట్టే లెక్క. ‘నేను అడగలేదు, నాకు తెలియదు’ అంటే చెల్లదు. కాబట్టి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గదుల కొలతలతో పాటు అక్కడున్న మనుషులనూ పలకరించండి. అద్దెకున్నారా, తోబుట్టువులా, తల్లిగారా? ఏ హక్కుతో ఉన్నారు? ఎప్పుడు ఖాళీ చేస్తారు? వాటా ఉన్నవాళ్లయితే వాళ్ల సంతకం కూడా దస్తావేజు మీద ఉండాలి.

‘బ్యాంకు లాయర్ చూసి లోన్ ఇచ్చారు కదా, మళ్లీ మాకు వేరే లాయర్ ఎందుకు?’ అని ఒకరు రాశారు. బ్యాంకు లాయర్ చూసేది బ్యాంకు అప్పు వసూలవుతుందా అని. మీరు సొంతంగా పెట్టిన డబ్బుకు, రేపు మీరు అమ్మబోతే వచ్చే చిక్కులకు ఆయన జవాబుదారీ కాదు. మీ తరఫున ఒక మనిషి ఉండాలి. అమ్మేవారి లాయరే మీ పనీ చూస్తానంటే ఒప్పుకోకండి.

అడ్వాన్సు ఎంత ఇవ్వాలో నేను చెప్పలేను, అది బేరాన్ని బట్టి ఉంటుంది. ఏ పరిస్థితిలో తిరిగి వస్తుందో మాత్రం రాతలో ఉండాలి. హక్కులో లోపం తేలితే, లోన్ రాకపోతే, గడువు దాటితే ఏమవుతుందో విడివిడిగా రాయించుకోండి. కొత్తగా కట్టే ఫ్లాట్లకైతే 2016 నాటి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం, రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. పెద్ద మొత్తం పంపేరోజు ‘అకౌంటు నంబరు మారింది’ అని మెయిలో మెసేజో వస్తే, అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేయకండి. మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు చేసి, గొంతు విని నిర్ధారించుకోండి. మోసగాళ్లు సరిగ్గా ఈ ఘడియ కోసమే కాచుకుని ఉంటారు.

చివరి ప్రశ్న దంపతుల పేర్ల గురించి. ఇద్దరి పేరు మీద కొంటే ఒకరి తర్వాత ఇల్లంతా రెండోవారికే వస్తుందా? ఇంగ్లండ్‌లో జాయింట్ టెనెంట్లుగా, అంటే విడి వాటాలు లేని ఉమ్మడి యజమానులుగా కొంటే అలాగే వస్తుంది. భారతదేశంలో పేర్లు రెండూ ఉన్నంత మాత్రాన అలా జరగదు. ఒకరు పోతే వారి వాటా వారసులకు వెళుతుంది. దస్తావేజులో వాటాలు రాయకపోతే ఎవరెంత డబ్బు పెట్టారో దాన్నిబట్టి లెక్క కడతారు. ఆ రుజువు లేకపోతే చెరిసగం అనుకుంటారు. అందుకని ఎవరి వాటా ఎంతో దస్తావేజులోనే రాయించండి. ఇల్లంతా రెండోవారికే దక్కాలని కోరుకుంటే వీలునామా విడిగా రాసుకోండి. ఇక మీ సందేహాలు అడగండి, ఒక్కొక్కటిగా చూద్దాం.