యాంటీ-సీసీపీ పట్టుకునేది దేన్ని?

అందరికీ నమస్కారం. ల్యాబ్ రిపోర్టులో "యాంటీ-సీసీపీ పాజిటివ్" అని వస్తే రుమటాయిడ్ కీళ్లవాతమేనని తేల్చేస్తుంటాం. సీసీపీ అంటే సైక్లిక్ సిట్రులినేటెడ్ పెప్టైడ్, దానికి అంటుకునే యాంటీబాడీయే యాంటీ-సీసీపీ. అసలు ఆ యాంటీబాడీ పట్టుకున్నది దేన్నో ముందు చూద్దాం.

ప్రోటీన్లలో ఉండే ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం కొసన ధనావేశం ఉంటుంది. ప్యాడ్ ఎంజైములు, ముఖ్యంగా ప్యాడ్-2, ప్యాడ్-4, అక్కడి ఒక నైట్రోజన్‌ను తీసి ఆక్సిజన్‌ను పెడతాయి. ఆర్జినిన్ కాస్తా సిట్రులిన్ అవుతుంది. పెరిగే బరువు 0.984 డాల్టన్, ఒకటి కూడా నిండదు. ఆవేశం మాత్రం పోతుంది. యాంటీబాడీ కనిపెట్టేది ఈ తేడానే.

ఫైబ్రినోజెన్, విమెంటిన్, ఆల్ఫా-ఎనోలేజ్ అని లక్ష్యాల జాబితా చదివి, ఒక్కో ప్రోటీన్‌కు ఒక్కో యాంటీబాడీ అనుకుంటే పొరపాటే. అది పట్టేది సిట్రులిన్‌నూ, దానికి అటూ ఇటూ ఉన్న కొద్దిపాటి అమైనో ఆమ్లాలనూ. సిట్రులిన్ వెంటనే గ్లైసిన్ ఉంటే చాలా యాంటీబాడీలకు పట్టు బాగా దొరుకుతుంది. ఆల్ఫా-ఎనోలేజ్‌లో 5 నుంచి 21 వరకున్న ముక్క చూడండి: సిట్రులిన్‌లు 9, 15 స్థానాల్లో, 16లో గ్లైసిన్. ఇలాంటి జంట వేరే ప్రోటీన్లలోనూ ఉంటుంది కాబట్టి ఒకే యాంటీబాడీ రెండు మూడింటికి అంటుకోవడం మామూలే.

1998లో ఫిలాగ్రిన్ అనే చర్మ ప్రోటీన్ ముక్కలతో (పెప్టైడ్‌లతో) చూసినప్పుడు, యాంటీబాడీ అంటుకోవడానికి సిట్రులిన్ తప్పనిసరి అని తేలింది. తర్వాత అలాంటి పెప్టైడ్‌కు రెండు సిస్టీన్లు చేర్చి, వాటి మధ్య డైసల్ఫైడ్ బంధంతో ఉంగరంలా చుట్టారు. సిట్రులిన్ బయటికి పొడుచుకొచ్చి యాంటీబాడీకి అందుతుంది. సీసీపీలో మొదటి 'సీ', అంటే సైక్లిక్, ఆ ఉంగరమే.

చిక్కు ఇక్కడుంది. క్షయ రోగుల్లో కొందరికి కూడా ఈ పరీక్ష పాజిటివ్ వస్తుంది. మన దగ్గర క్షయ ఎంత ఉందో మీకు చెప్పక్కర్లేదు. అనుమానం ఉంటే, అదే పెప్టైడ్‌ను సిట్రులిన్ బదులు ఆర్జినిన్‌తో చేయించి, పరీక్ష పలకలోని పక్క బావుల్లో (చిన్న గుంటల్లో) పూసి, అదే సీరంను అదే పలుచదనంలో వేయండి. యాంటీబాడీ అంటుకున్న చోట రంగు వస్తుంది; రెండు చోట్లా అది సమానంగా వస్తే ఆ పట్టు సిట్రులిన్‌ది కాదు. పరిశోధన ల్యాబులు చేసే ఈ పని రోజువారీ కిట్లలో ఉండదు, అదే నా ఫిర్యాదు.

కీలు ద్రవంలో సిట్రులిన్‌ను కొలిచేవారికి ఇంకొక మాట. ప్యాడ్‌కు కాల్షియం కావాలి. నమూనా తీయగానే కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ కలపకపోతే, చితికిన కణాల్లోంచి వచ్చిన ప్యాడ్ ట్యూబులో కూడా పని చేస్తూనే ఉంటుంది. బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటరులో, ఆస్పరాజిన్, గ్లూటమిన్ అనే వేరే అమైనో ఆమ్లాలకు జరిగే డీఅమిడేషన్ అనే మార్పుకూ అదే 0.984 పెరుగుతుంది. మార్పు ఆర్జినిన్ మీదే ఉందని పెప్టైడ్‌ను విరిచి తూచిన ముక్కల స్పెక్ట్రంలో చూసుకున్నాకే సిట్రులిన్ అని రాయండి.