వంద చూపించింది, కాపీ మాత్రం కాలేదు

[స్క్రీన్: కాపీ విండో. పచ్చ గీత సర్రున చివరికి వెళ్తుంది. 100%. పక్కనే పెన్‌డ్రైవ్ క్లోజప్. దాని లైటు ఇంకా టపటపా కొట్టుకుంటూనే ఉంది.]

ఈ రెండింట్లో ఒకటి అబద్ధం చెప్తోంది. లైటైతే కాదు.

మా బావకి ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వడం రోజూ ఉండే పనే. "నేను ఫోల్డర్ చూపిస్తా, మిగతాది అదే చూసుకోవాలిరా" అంటే పైథాన్‌లో, పైక్యూటీతో (విండోలు, బటన్లు గీసే క్యూటీ అనే లైబ్రరీని పైథాన్‌లో వాడుకునే దారి) చిన్న అప్లికేషన్ రాసిచ్చాను. ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు, అంటే ఒక రకం లినక్స్. 16 జీబీ ర్యామ్. 1.9 జీబీ ఫోటోలు పదిహేను సెకన్లలో అయిపోతున్నాయి. బావ ఖుషీ, నేనూ ఖుషీ.

వారం తిరక్కుండానే పెళ్లికూతురి నాన్నగారు పెన్‌డ్రైవ్ పట్టుకుని స్టూడియోకి వచ్చారు. తలంబ్రాల దాకా ఫోటోలు బాగానే ఉన్నాయి. అప్పగింతలవి ఒక్కటీ తెరుచుకోవట్లేదు. ఒరిజినల్స్ స్టూడియోలోనే ఉన్నాయి కాబట్టి సరిపోయింది గానీ, బావ ఫోన్ చేసినప్పుడు నేను పడిన టెన్షన్ నాకే తెలుసు.

"నూరు శాతం అని చూపించింది, తీసేశాను. నాదేం తప్పు?" అన్నాడు. బావ తప్పేం లేదు.

[స్క్రీన్: మూడు డబ్బాలు. హార్డ్‌డిస్క్, ర్యామ్, పెన్‌డ్రైవ్. మొదటి బాణం లావుగా, రెండోది సన్నగా.]

నా ప్రోగ్రామ్ ఏం చేస్తోందో చూడండి. ఫోటోలో కొంత ముక్క చదువుతుంది, పెన్‌డ్రైవ్‌లో రాయమని లినక్స్‌కి ఇస్తుంది, "రాశాను" అని జవాబు రాగానే ఆ పచ్చ గీతని, అంటే ప్రోగ్రెస్ బార్‌ని, ముందుకు జరుపుతుంది. కానీ లినక్స్ ఆ ముక్కని అప్పటికి ర్యామ్‌లోనే పెట్టుకుంటుంది. పెన్‌డ్రైవ్‌కి పంపడం వెనకాల నింపాదిగా జరుగుతుంది. కొరియర్ ఆఫీసులో పార్సిల్ ఇచ్చి, రసీదు జేబులో పెట్టుకుని, "మన పార్సిల్ విశాఖపట్నం చేరిపోయింది" అన్నట్టు. నా బార్ లెక్కపెట్టింది రసీదుల్ని.

ఎంత దాకా ఇలా ర్యామ్‌లో పేరుకోనిస్తుంది? లినక్స్ గుండెకాయైన కెర్నల్‌లో డర్టీ రేషియో అని ఒక సెట్టింగ్ ఉంటుంది, మామూలుగా దాని విలువ 20. అంటే, అందుబాటులో ఉన్న మెమరీలో సుమారు ఐదో వంతు. బావ ల్యాప్‌టాప్‌లో 13 జీబీ ఖాళీ ఉందనుకుంటే, అది 2.6 జీబీ. పెళ్లి ఆల్బమ్ మొత్తం హాయిగా పట్టేస్తుంది. ఇక ఆ పెన్‌డ్రైవ్ సెకనుకి రాసేది 10 ఎంబీ. 1,900ని 10తో భాగిస్తే 190 సెకన్లు, అంటే మూడు నిమిషాల పది సెకన్లు. బార్ చూపించింది పదిహేను సెకన్లు. మిగిలిన మూడు నిమిషాల్లో ఎప్పుడు లాగినా ఏదో ఒకటి పోతుంది.

విండోస్‌లో పెన్‌డ్రైవ్‌లకి మామూలుగా క్విక్ రిమూవల్ అనే పద్ధతి (రాసేది ర్యామ్‌లో ఇలా పేరుకోనివ్వకపోవడం) ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ.

సరే, మందేంటి? ఎఫ్‌సింక్. "ఈ ఫైల్‌కి సంబంధించి నీ దగ్గర ఉన్నదంతా డ్రైవ్‌కి చేరేదాకా నాకు జవాబివ్వకు" అని లినక్స్‌కి చెప్పే పిలుపు. పైథాన్‌లో ముందు ఫ్లష్ (పైథాన్ తన దగ్గర అట్టిపెట్టుకున్నది లినక్స్‌కి ఇచ్చేయడం), ఆ తర్వాత ఎఫ్‌సింక్, ఆ తర్వాతే బార్ లెక్క పెంచడం. ఈ వరస ముఖ్యం. ప్రతి చిన్న ముక్కకీ పిలిస్తే కాపీ నత్తనడక నడుస్తుంది. నేను 16 ఎంబీకి ఒకసారి, ఇంకా ప్రతి ఫైల్ చివర పిలుస్తున్నాను.

[స్క్రీన్: కొత్త బార్. ఈసారి నిదానంగా, లైటుతో పాటే నడుస్తోంది.]

ఇక్కడితో అయిపోయిందనుకున్నా. ఇంకో పెళ్లి వచ్చింది, 4 జీబీ. అప్లికేషన్ మొదట్లోనే పడిపోయింది. కారణం తెలిస్తే నవ్వొస్తుంది: బార్ గరిష్ఠ విలువగా నేను మొత్తం బైట్లు ఇచ్చేశాను. క్యూటీలో ప్రోగ్రెస్ బార్ పట్టేది మామూలు 32 బిట్ల అంకె, 2,147,483,647 దాటితే పట్టదు. మొదటి పెళ్లి 1.9 జీబీ కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు బార్‌కి 0 నుంచి 1000 దాకానే ఇస్తాను, బైట్ల లెక్క నా దగ్గర విడిగా ఉంటుంది.

అసలు కష్టం చిన్న ఫైళ్లతో వచ్చింది. బావ ఆల్బమ్ డిజైన్ ఫోల్డర్‌లో క్లిపార్టులు, ఫ్రేములు, పూల బొమ్మలు కలిపి 4,000 ఫైళ్లు ఉన్నాయి. అన్నీ కలిపినా 80 ఎంబీ లేవు. ఫోటోలతో పాటు దాన్నీ కాపీ చేస్తే, ఫోటోలప్పుడు బార్ చక్కగా నడిచి, 96 దగ్గర కూలబడింది. సైజు చిన్నదైనా ప్రతి ఫైల్‌కీ తెరవడం, పేరు నమోదు చేయడం, మూయడం ఉంటాయి కదా. నేను కొలిచి చూస్తే ఆ డ్రైవ్ మీద ఫైల్‌కి దాదాపు 30 మిల్లీసెకన్లు. 4,000 ఫైళ్లకి అదే రెండు నిమిషాలు!

పోనీ ఫైళ్ల సంఖ్య లెక్కపెడదామా? అప్పుడు పెద్ద వీడియో ఒకటి వచ్చినప్పుడు బార్ కదలదు. అందుకని రెండూ కలిపాను. సెకనుకి 10 ఎంబీ రాసే డ్రైవ్ 30 మిల్లీసెకన్లలో 0.3 ఎంబీ రాసేది. కాబట్టి ప్రతి ఫైల్ సైజుకీ 0.3 ఎంబీ అదనంగా కలిపి లెక్కేస్తాను. 5 ఎంబీ ఫోటో 5.3 అవుతుంది, పెద్ద తేడా లేదు. 20 కేబీ పూల బొమ్మ మాత్రం 0.32 అవుతుంది. అంతే, 96 దగ్గర కూలబడటం పోయింది.

ఫోల్డర్ స్కాన్ చేసేటప్పుడు మాత్రం మొత్తం ఎంతో నాకే తెలియదు. అప్పుడు శాతం చూపించను. క్యూటీలో కనిష్ఠం, గరిష్ఠం రెండూ సున్నా పెడితే బార్ అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. తెలియనప్పుడు తెలియదనడమే నయం.

కాపీ పని వేరే థ్రెడ్‌లో (అదే ప్రోగ్రామ్‌లో పక్కన విడిగా నడిచే పని వరసలో) పెట్టాలని మీకు తెలిసే ఉంటుంది, లేదంటే విండో బిగుసుకుపోతుంది. అయితే బార్‌ని మరీ ఎక్కువసార్లు కదపకండి. 2016లో ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) వాడేవాళ్లకి ఇది అనుభవమే: ప్రోగ్రెస్ బార్ ఆపేస్తే ఇన్‌స్టాల్ బాగా త్వరగా అయిపోయేది. పనిని చూపించడమే పెద్ద పనైపోయింది. సెకనుకి పదిసార్లు చాలు.

ఇంకెంత సేపు పడుతుందో చెప్పడానికి, పాత వేగంలో 90 శాతం, ఇప్పటి వేగంలో 10 శాతం కలుపుతాను. అంకె ఎగిరెగిరి పడదు. "3 నిమిషాల 7 సెకన్లు" అని కూడా చూపించను. "సుమారు 3 నిమిషాలు" అంటే చాలు, ఆ 7 సెకన్ల సంగతి నాకే నమ్మకం లేదు.

బార్‌ని మాయ చేసే దారులూ ఉన్నాయి. క్రిస్ హారిసన్ బృందం 2007లో, 2010లో దీని మీదే పరిశోధన చేసింది. చివర్లో ఆగే బార్ మనుషులకి చిరాకు తెప్పిస్తుందనీ, లోపలి చారలు వెనక్కి జారుతున్నట్టు ఉంటే అదే సమయం తక్కువగా అనిపిస్తుందనీ తేల్చారు. చారల వరకూ నాకు అభ్యంతరం లేదు. కానీ బార్ చూసి డ్రైవ్ లాగేసే మనిషి ముందు శాతంతో ఆటలాడటం నా వల్ల కాదు.

అందుకే చివరి రెండు శాతం అన్‌మౌంట్‌కి, అంటే డ్రైవ్‌ని లినక్స్ నుంచి భద్రంగా విడదీయడానికి, వదిలిపెట్టాను. అది పూర్తయ్యాకే 100, దాని కింద "పెన్‌డ్రైవ్ తీసేయొచ్చు" అని పెద్ద అక్షరాలు.

[స్క్రీన్: బార్ 98 దగ్గర ఒక్క క్షణం ఆగి 100కి చేరుతుంది. పెన్‌డ్రైవ్ లైటు ఆగిపోతుంది.]

కొత్తది ఇన్‌స్టాల్ చేసిన రోజు సాయంత్రమే బావ ఫోన్. "ఏంట్రా, పాతది పదిహేను సెకన్లలో అయిపోయేది. బాగు చేస్తానని మూడు నిమిషాలు చేశావ్?"