ఇ-4 వీసా: హెచ్-1బీకి కోత పడుతుందా?

నమస్కారం. దక్షిణ కొరియా నిపుణుల కోసం అమెరికాలో ప్రతిపాదించిన ఇ-4 వీసా ప్రస్తావన వస్తే చాలు, "వాళ్లకు ఏటా 15,000 వీసాలిస్తే హెచ్-1బీ వీసాలు అంతమేర తగ్గిపోతాయి" అనే మాట వినిపిస్తోంది. విని విని విసుగెత్తి ఈ వీడియో చేస్తున్నాను.

హెచ్-1బీని ఒక రైలు పెట్టె అనుకుందాం. అందులో ఏటా 65,000 బెర్తులు, అంటే వీసాలు, ఉన్నాయి. అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకు పైచదువు పూర్తిచేసినవారికి మరో 20,000 ఉన్నాయి. చిలీ, సింగపూర్‌లతో వాణిజ్య ఒప్పందాలు కుదిరినప్పుడు ఆ 65,000లోంచే 6,800 బెర్తులను ఆ రెండు దేశాలకు కేటాయించారు. బహుశా ఈ భయానికి మూలం అదే. అయితే 2005లో ఆస్ట్రేలియా విషయంలో అలా చేయకుండా, ఇ-3 పేరుతో ఏటా 10,500 బెర్తులతో వేరే పెట్టెనే తగిలించారు. ఇ-4 ప్రతిపాదన ఈ రెండో తరహాది కాబట్టి, పాత పెట్టెలో ఒక్క బెర్తు కూడా తగ్గదు.

కొరియాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2012 మార్చి 15న అమల్లోకి వచ్చినా, అందులో ఇలాంటి వీసా లేదు. సరుకులకు పట్టాలు పరిచి మనుషుల పెట్టెను మరిచిపోయారన్నది నా అభిప్రాయం. ఆ లోటు పూరించేందుకే, ఇ-4ను ప్రతిపాదించే పార్ట్‌నర్ విత్ కొరియా బిల్లును అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో పదేపదే ప్రవేశపెడుతున్నారు.

పెట్టె వేరైనా టిక్కెట్టు తనిఖీ మాత్రం తప్పదు. ఉద్యోగం ప్రత్యేక నైపుణ్యం అవసరమైనదై ఉండాలి, అభ్యర్థికి సంబంధిత డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత ఉండాలి, స్థానికంగా ఆ పనికి మామూలుగా ఇచ్చే జీతానికి తగ్గకుండా ఇస్తామని యజమాని కార్మిక శాఖకు హామీ ఇవ్వాలి. 2025 సెప్టెంబరు 4న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో హ్యుందాయ్-ఎల్‌జీ బ్యాటరీ కర్మాగార నిర్మాణ స్థలంలో 300 మందికి పైగా కొరియన్లను, పనికి తగిన వీసా లేదంటూ వలస అధికారులు నిర్బంధించిన తరువాత, ఇ-4 ఉంటే ఇదంతా జరిగేదే కాదని చాలామంది అన్నారు. నేను అంత నమ్మకంగా చెప్పలేను, ఎందుకంటే కొన్ని నెలల పాటు యంత్రాలు బిగించడానికి వచ్చే అనుభవజ్ఞుడైన పనివాడికి ఆ అర్హత లేకపోతే, ఎన్ని బెర్తులు ఖాళీగా ఉన్నా అతడు ఈ పెట్టె ఎక్కలేడు.

సమయం అయిపోతోంది కనుక మిగతావి త్వరగా చెబుతాను. ఈబీ-4 అనేది మతపరమైన సేవకుల వంటి ప్రత్యేక వర్గాలకిచ్చే గ్రీన్‌కార్డు విభాగం; దానికీ తాత్కాలిక ఉద్యోగ వీసాగా ప్రతిపాదించిన ఇ-4కూ సంబంధం లేదు. బిల్లు ఉభయసభల ఆమోదం పొంది, అధ్యక్షుడి సంతకంతో చట్టమైతే తప్ప ఇ-4కు దరఖాస్తు అంటూ ఉండదు. ఈలోగా దాని పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే, ఇంకా తయారుకాని పెట్టెకు టిక్కెట్టు అమ్ముతున్నట్టే.