దత్తతకు ఇన్నేళ్లు ఎందుకు పడుతోంది? ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

[తెరపై: మధురానగర్ శిశువిహార్ గేటు, ప్రహరీ గోడ. పిల్లల ముఖాలు ఎక్కడా కనిపించకూడదు, చట్టం ఒప్పుకోదు.]

నమస్కారం. అనాథ శిశువులను ఉంచే ప్రభుత్వ సంరక్షణాలయం శిశువిహార్ మాట వచ్చినప్పుడల్లా హైదరాబాద్‌లో వినిపించే ప్రశ్న ఒకటుంది. లోపల అంతమంది పిల్లలు ఉండగా, సంతానం కోసం గుళ్ల చుట్టూ ఆస్పత్రుల చుట్టూ తిరిగి అలిసిపోయిన దంపతులు బయట ఇంతమంది ఉండగా, ఇవ్వడానికి ప్రభుత్వానికి అడ్డం ఏమిటని అడుగుతారు. పేరు నమోదు చేసుకుని, ప్రభుత్వ దత్తత పోర్టల్‌లో తమ వరుస సంఖ్య ఎంత తగ్గిందో చూసుకుంటూ మూడేళ్లు గడిపినవారికి ఈ ప్రశ్న మరీ బాధాకరంగా ఉంటుంది. అయితే ఈ ఆలస్యమంతా ఒక్క రకానిది కాదు. కొంత బిడ్డ మేలు కోరి చట్టం కావాలనే పెట్టిన గడువు. మిగిలినది ఫైలు కదలక వృథా అయ్యే కాలం. మనవాళ్ల కోపం తరచుగా మొదటిదాని మీదికి వెళుతుంది, వెళ్లవలసింది రెండోదాని మీదికి.

[తెరపై: 27,939 – 6,996 – 2,430]

ముందుగా లెక్క చూద్దాం. 2022 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, 2021 డిసెంబరు నాటికి దేశంలో దత్తత కోసం నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నవారు 27,939 మంది. సంరక్షణ సంస్థల్లో అనాథలుగానో, ఎవరో వదిలి వెళ్లినవారిగానో, కన్నవారే అప్పగించినవారిగానో గుర్తించిన పిల్లలు 6,996 మంది కాగా, వారిలో దత్తత ఇవ్వడానికి చట్టపరంగా అర్హత వచ్చినవారు 2,430 మందే. అందరూ మొదటి సంఖ్యను చూసి నిట్టూరుస్తారు. నా దృష్టిలో పట్టించుకోవలసింది చివరి రెండు సంఖ్యల మధ్య ఉన్న తేడాను. అప్పటి నుంచి వరుస ఇంకా పెరిగి 30,000 దాటింది. 2024–25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515.

ఆ తేడా ఎలా ఏర్పడుతుందో తెలియాలంటే, బిడ్డ దొరికిన రోజు నుంచి మొదలుపెట్టాలి. ఆస్పత్రి వరండాలోనో బస్టాండులోనో దొరికిన పసికందును జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరుస్తారు. కన్నవారి కోసం పత్రికల్లో ప్రకటన ఇస్తారు, పోలీసులు విచారణ జరుపుతారు. ఎవరూ రాకపోతే, రెండేళ్లలోపు బిడ్డ అయితే రెండు నెలల్లోపు, అంతకు పెద్ద బిడ్డ అయితే నాలుగు నెలల్లోపు, సమితి ఆ బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటించాలి. తల్లే స్వయంగా అప్పగించిన సందర్భంలో, మనసు మార్చుకుని తిరిగి తీసుకువెళ్లడానికి ఆమెకు అరవై రోజుల గడువు ఉంటుంది.

ఈ నెలలను తగ్గించాలని అడిగేవారు ఈ నగరం చరిత్రను ఒకసారి గుర్తుచేసుకోవాలి. 1999లోనూ, మళ్లీ 2001లోనూ, తండాల్లోని పేద లంబాడా కుటుంబాల నుంచి ఆడపిల్లలను కొని, హైదరాబాద్‌లోని దత్తత సంస్థల ద్వారా విదేశాలకు పంపుతున్న వ్యవహారాలు బయటపడ్డాయి. అది గతమని అనుకోవడానికి కూడా లేదు. 2024 మేలో మేడిపల్లిలో పసిపిల్లలను అమ్ముతున్న ముఠాను రాచకొండ పోలీసులు పట్టుకుని, డబ్బు ఇచ్చి తెచ్చుకున్న దంపతుల ఇళ్ల నుంచి పిల్లలను తీసుకువచ్చి శిశువిహార్‌లో చేర్చారు. నోటరీ చేయించిన స్టాంపు పేపరు ఉంటే చాలని దళారులు నమ్మబలుకుతారు. డబ్బు చేతులు మారిన చోట ఏ పేపరూ దానిని దత్తతగా మార్చలేదు. బిడ్డను అమ్మినా కొన్నా బాలల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి.

ఇక రెండో రకం ఆలస్యం. హాస్టల్ లాంటి సంరక్షణాలయంలో ఏడేళ్ల పాప ఉంటుంది. తండ్రి ఎవరో తెలియదు, తల్లి చేర్పించి వెళ్లాక మొదట్లో పండుగకు వచ్చేది, తర్వాత రావడం మానేసింది. ఏడాదికి పైగా ఎవరూ చూడడానికి రాని ఇలాంటి పిల్లల పరిస్థితిని విచారించి, అర్హులను దత్తత పరిధిలోకి తీసుకురావచ్చు. కానీ దానికి ఎవరో ఒకరు రిజిస్టరు తీసి, పాత చిరునామాకు వెళ్లి విచారించి, నివేదిక రాయాలి. రాయవలసిన ఉద్యోగి బదిలీ అయినా, సమితిలో ఖాళీలు భర్తీ కాకపోయినా, పాప పేరు ఆ రిజిస్టరులోనే ఉండిపోయి, చూస్తుండగానే ఏడేళ్ల పాప పన్నెండేళ్లది అవుతుంది. అందుకే 2023 నవంబరులో సుప్రీంకోర్టు, ఇలాంటి పిల్లలను గుర్తించే పనిని రెండు నెలలకు ఒకసారి చేపట్టాలనీ, ప్రతి జిల్లాలో ప్రత్యేక దత్తత సంస్థ ఉండాలనీ రాష్ట్రాలను ఆదేశించింది.

[తెరపై: దరఖాస్తులో వయసు గడిని దగ్గరగా చూపాలి]

వరుస కదలకపోవడంలో మన వంతు కూడా ఉంది. దరఖాస్తుదారుల్లో అత్యధికులు కోరేది రెండేళ్లలోపు, ఏ లోపమూ లేని బిడ్డను. ఆరేళ్లు దాటిన పిల్లలు, అన్నాచెల్లెళ్లు కలిసి ఉన్న జంటలు, ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లలు ఆ పోర్టల్‌లోనే ఉన్నా, వారిని అడిగేవారు తక్కువ. దంపతుల వయసుల మొత్తంపై పరిమితి కూడా ఉంది: రెండేళ్లలోపు బిడ్డకు 85, నాలుగేళ్ల వరకు 90, ఎనిమిదేళ్ల వరకు 100, ఆపైన 110. పసిబిడ్డ కోసమే పట్టుబట్టి కూర్చున్నవారిలో కొందరు, తమ వంతు వచ్చేసరికి ఆ పరిమితిని దాటిపోతున్నారు.

వంతు వచ్చిన రోజు సంగతి కొంత వివరంగా చెప్పాలి. ఫోన్‌కు సందేశం వస్తుంది. తెరిస్తే ఒక ఫోటో, బిడ్డ గురించిన నివేదిక, వైద్య పరీక్షల నివేదిక ఉంటాయి. బిడ్డను రిజర్వ్ చేసుకోవడానికి 48 గంటల సమయం ఇస్తారు. మూడేళ్లు ఎదురుచూసినవారు ఆ రెండు రోజుల్లో, పుట్టినప్పుడు బరువు 1.8 కిలోలు అని రాసిన ఒక్క పంక్తిని పట్టుకుని, తెలిసిన పిల్లల డాక్టరు కోసం రాత్రి పదకొండు గంటలకు ఫోన్లు చేస్తుంటారు. అదే సమయంలో ఇంట్లో పెద్దవారు 'ఏ కులం బిడ్డో' అని అడగడం మొదలుపెడతారు. ఆ ప్రశ్నకు నివేదికలో జవాబు ఉండదు, ఉండనవసరమూ లేదు.

అంగీకరించాక బిడ్డ ఇంటికి వచ్చేది దత్తతకు ముందస్తు ఫాస్టర్ కేర్ పేరుతో, అంటే తుది ఉత్తర్వు వచ్చేదాకా తాత్కాలిక పెంపకానికి. తుది ఉత్తర్వు 2022 సెప్టెంబరు వరకు కోర్టు ఇచ్చేది. ఇప్పుడు జిల్లా కలెక్టరు రెండు నెలల్లో ఇవ్వాలి. ఈ మధ్యకాలంలో బిడ్డ మీ ఇంట్లోనే ఉంటుంది కానీ, మీ పేర్లతో జనన ధ్రువపత్రం ఉండదు. జూన్‌లో స్కూలు అడ్మిషన్‌కు వెళితే ఆధార్ అడుగుతారు, తండ్రి పేరు ఉన్న పత్రం అడుగుతారు; సంస్థ ఇచ్చిన కాగితాన్ని కౌంటరులో ఇటూ అటూ తిప్పి చూసి, ప్రిన్సిపల్ గారు రేపు వస్తారు, అప్పుడు రండి అంటారు.

దీర్ఘకాలిక ఫాస్టర్ కేర్, అంటే దత్తత కాకుండానే బిడ్డను ఇంట్లో ఉంచుకుని పెంచడం, వేరు. అది ప్రధానంగా, దత్తతకు వెళ్లే అవకాశం తక్కువగా ఉన్న ఆరేళ్లు పైబడిన పిల్లల కోసం ఉద్దేశించినది. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం 35 ఏళ్లు దాటిన ఒంటరి వ్యక్తులు కూడా పిల్లలను ఇలా పెంచవచ్చు, అయితే ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. రెండేళ్లు పెంచాక ఆ కుటుంబం దత్తత కోరవచ్చు. ఇదివరకు ఐదేళ్లు ఆగవలసి వచ్చేది. కానీ బిడ్డకు చట్టపరమైన అర్హత రాకపోతే ఈ రెండేళ్ల నిబంధన వల్ల ఒరిగేది లేదు. ఎప్పుడో ఒకసారి కనిపించే కన్నతండ్రి సంతకం కోసం, రోజూ జడ వేసి బడికి పంపుతున్న పెంపుడు తల్లి ఎదురుచూడవలసి వస్తుంది.

పెద్ద పిల్లలను తెచ్చుకునేవారికి ముందుగా ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. తొమ్మిదేళ్ల పిల్లవాడు మంచినీళ్లు తాగడానికి కూడా అనుమతి అడుగుతాడు. రాత్రి అన్నం తిన్నాక రెండు చపాతీలు కాగితంలో చుట్టి దిండు కింద దాచుకుంటాడు. వాటికి చీమలు పట్టినప్పుడు గానీ ఇంట్లోవారికి తెలియదు. మొదటి నెల బుద్ధిమంతుడిగా ఉండి, భయం తీరాక ఎదురు తిరుగుతాడు. తనను మళ్లీ వెనక్కి పంపుతారా లేదా అని పరీక్షిస్తున్నాడని సలహాదారులు వివరిస్తే అర్థమవుతుంది, లేకపోతే పిల్లవాడే చెడ్డవాడని ఇల్లంతా తీర్మానించుకుంటుంది. కొందరు పిల్లలు నిజంగానే వెనక్కి వెళుతున్నారు.

బిడ్డను అప్పగించాక రెండేళ్ల పాటు ఆరు నెలలకు ఒకసారి సామాజిక కార్యకర్త ఇంటికి వస్తారు. ఆమె రాకముందు ఇల్లు సర్ది, పిల్లవాడికి కొత్త చొక్కా తొడిగి, అంతా బాగుందని చెప్పి పంపేయడం మామూలైపోయింది. చపాతీల సంగతి, గొడవల సంగతి ఆమెకు చెప్పండి, కౌన్సెలింగ్ కావాలని అడగండి, అడిగినట్టు నివేదికలో రాయించండి.