సిట్రాల మామిడి వాసనంట, ఏ మామిడి? నాలుగు హాప్స్ రివ్యూ
నమస్తే అందరికి. ముందే చెప్తున్న, ఈ డబ్బా అమ్మేటోళ్లే ఫ్రీగ పంపిన్రు, పైసలైతే తీసుకోలే. హాప్ అంటే బీరుల చేదుకు, వాసనకు వేసే ఒక తీగ పువ్వు. దాన్ని ఎండబెట్టి, పొడి చేసి, గోలీల లెక్క ఒత్తితే పెల్లెట్లు. డబ్బాల నాలుగు రకాల ప్యాకెట్లు: క్యాస్కేడ్, సాజ్, మొజాయిక్, సిట్రా. చేదునిచ్చే ఆల్ఫా యాసిడ్ ఎంత శాతం, ఏ దేశం పంట, ఆ లెక్కలన్ని నేను చదవను.

బీరు కాస్తలేవా అంటరు. డాలస్‌ల ఉన్నప్పుడు గరాజ్‌ల కాసిన. అమెరికాల 1978ల చట్టం మారినంక ఇంటి వాడకానికి కాసుకోనిస్తరు. ఇక్కడ లైసెన్స్ లేకుంట కాస్తే ఎక్సైజోళ్లు తలుపు కొడ్తరు. అందుకే హాప్ నీళ్లు. లీటరు నీళ్లు మరిగించి, పొయ్యి బంద్ చేసి, కొంచెం చల్లారినంక 2 గ్రాముల పెల్లెట్లు వేసి 20 నిమిషాలు ఇడవాలె. వడకట్టి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండి, ఫ్రిజ్‌ల పెట్టి, సోడా కలుపుడే. మరుగుతుంటే వేస్తే చేదు దిగుతది, వాసన ఆవిరైపోతది. బీరుకైనా అంతే, వాసన కోసం వేసేది ఆఖర్లనే.

సిట్రా సంగతికొద్దాం. ప్యాకెట్ మీద మామిడిపండు అని రాసిన్రు. ఏ మామిడి? కొత్తపేటల బంగినపల్లి ఒకటి తెచ్చి పక్కన పెట్టుకున్న. ప్యాకెట్ వాసన చూసుడు, పండు వాసన చూసుడు. అరగంట ఇదే పని. కలుస్తలేదు. పండుది మెత్తటి తీపి వాసన, దీనిది ముక్కుల గుచ్చుతున్నది. మా అమ్మకు గ్లాసిచ్చిన. "ఏందిరా, కషాయమా?" అనుకుంటనే ఒక గుటక తాగి, "పచ్చికాయ ముచ్చిక తెంపినట్టున్నది" అన్నది. అగో, అదే! ముచ్చిక తెంపంగనే సొన చిమ్ముతది సూడు, ఆ ఘాటు. దాని ఎనక నిమ్మతొక్క. హాప్‌ల మిర్సీన్ అని ఒక నూనె ఉంటది, మామిడిల గూడ ఉంటది. అమ్మకు ఆ పేరు తెల్వది, ఆవకాయకు కాయలు కోసిన చెయ్యి.

మొజాయిక్‌కు ఎక్కువ టైం ఇయ్య. మొదటి గుటక నేరేడుపండు, రెండోది ఉల్లిగడ్డ. కొందరికి ఉల్లిగడ్డే కొడ్తది, అందుల నేనొకన్ని.

సాజ్ అయితే చెక్ దేశంల జాటెత్స్ ఊరి చుట్టు పండేది. ఆ దేశంలనే పిల్సెన్ ఊర్ల 1842ల కాసిన మొదటి పిల్స్‌నర్‌ల, అంటే లేత బంగారు రంగు బీరుల, వేసింది ఇదే. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌ల దవనం కట్ట పట్టుకున్నట్టు, కొంచెం ఎండుగడ్డి, కొంచెం మిరియం. ఏం లొల్లి చెయ్యదు. గ్లాసు అయిపోయినంక తెల్వకుంటనే ఇంకోటి పోసుకున్న. సిట్రాకు అట్ల కాలే.

ఇగ క్యాస్కేడ్. 1972ల వచ్చిన పాత రకం, డాలస్‌ల నా మొదటి బ్యాచ్ దీనితోనే. పంపరపనస తొక్క ఒలిస్తే చేతికి అంటుకునే వాసన, గరాజ్ అంత అదే. ఆ వాసన కోసమే ఈ డబ్బాకు ఒప్పుకున్న. ప్యాకెట్ కత్తిరిస్తే వచ్చింది ఏంది? రెండ్రోజులు షూల మరిచిపోయిన సాక్సు. పెల్లెట్ గోరుతోటి విరిచి చూసిన. లోపల ఆకుపచ్చగ ఉండాలె, ఇది తంబాకు రంగు. హాప్ పాతబడితే దాని చేదు యాసిడ్లు విరిగి ఇట్లనే చీజ్ కంపు కొడ్తది. ప్యాకెట్ తిప్పి తిప్పి చూసిన, ప్యాకింగ్ తేదీ ఉన్నది, పంట కోసిన సంవత్సరం లేదు. పంట ఏడాదికి ఒక్కసారే. నిన్న ప్యాక్ చేసినా లోపల మూడేండ్ల కిందటిది ఉండొచ్చు కదా? పైంగ మే ఎండల, ఐస్ ప్యాక్ లేకుంట కొరియర్. ఫోన్ చేస్తే "సీల్ ఉంది గదా సార్" అన్నరు.

ఫ్రీగ ఇచ్చిన్రని మంచిగ చెప్తనా? డబ్బా కొనకుండ్రి. సాజ్ విడిగ దొరికితే, ఏ ఏటి పంటనో అడిగి తీసుకోండ్రి, తెచ్చి ఫ్రీజర్‌ల పెట్టండ్రి. క్యాస్కేడ్ అంత చెత్తబుట్టల పోసిన. ఇంకోటి, వడకట్టినంక మిగిలిన పిప్పి గల్లిల పారెయ్యకుండ్రి, హాప్ కుక్కలకు విషం.